శాస్త్రవేత్తల పాత ఉత్తరాలు చదవడం ఎలా? డార్విన్ టపాతో మొదలుపెడదాం

డార్విన్ రాసిన ఒక ఉత్తరం మీద తేదీ ఉండాల్సిన చోట 'గురువారం' అని మాత్రమే ఉంటుంది. నెల లేదు, ఏడాది లేదు. జీవజాతులు మారకుండా ఉండిపోయేవి కావని తనకు దాదాపు నమ్మకం కుదిరిందనీ, ఈ మాట చెప్పడం హత్య చేశానని ఒప్పుకున్నట్టుగా ఉందనీ ఆయన రాసింది అందులోనే. ఆ ఉత్తరం వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ హుకర్‌కి వెళ్లింది.

ఆ హత్య మాట చాలామంది వినే ఉంటారు. ఎక్కడ చూసినా ఆ ఒక్క వాక్యమే కనిపిస్తుంది. నేనూ చాలాకాలం అలాగే చదివి, ప్రాణస్నేహితుడి చెవిలో చెప్పిన రహస్యం అనుకున్నాను. తర్వాత ఉత్తరం మొత్తం తెరిచి చూస్తే మొదటి మాటే 'మై డియర్ సర్' అని ఉంది. అప్పటికి వాళ్లిద్దరూ కొత్త పరిచయస్తులు. డార్విన్‌కి 34 ఏళ్లు, హుకర్‌కి 26. హుకర్ దక్షిణ ధ్రువ సముద్రాల యాత్ర ముగించుకుని ఇంటికొచ్చి నాలుగు నెలలే అయింది. అదే ఉత్తరంలో డార్విన్ ఒక చిన్న సాయం కూడా అడుగుతాడు. గాలాపగోస్, సెయింట్ హెలీనా, న్యూజీలాండ్ లాంటి పెద్ద జంతువులు లేని దీవుల్లో, అక్కడ తప్ప మరెక్కడా పెరగని మొక్కలకు కొక్కేల గింజలు ఉన్నాయేమో చూసి చెప్పమంటాడు. మన ఉత్తరేణి గింజల్లాగా బొచ్చుకో బట్టకో పట్టుకుని పోయే గింజలన్నమాట. పట్టుకోవడానికి బొచ్చున్న జంతువే లేని చోట కొక్కెం ఎందుకుంటుంది? ఆ ప్రశ్న చదివాక హత్య మాట నాకు వేరేగా వినిపించింది. అది పని మధ్యలో, పనికి సంబంధించే వచ్చిన మాట.

ఉత్తరమంటే సగం సంభాషణ. ఎప్పుడు రాశారు, ఎలా చేరింది, ఏం జవాబొచ్చింది అన్నవి తెలియకుండా ఒక్క వాక్యం పీకి చదివితే ఆ సగం కూడా చేతికి రాదు. నేను చదివే పద్ధతిని ఇక్కడ వరుసగా చెబుతున్నాను. కావలసిందల్లా ఇంటర్నెట్, ఒక నోట్‌బుక్, కాస్త ఓపిక.

మొదటి మెట్టు: ఒక మనిషిని కాదు, ఒక జంటను ఎంచుకోండి

'డార్విన్ ఉత్తరాలు చదువుతాను' అని కూర్చుంటే మునిగిపోతారు. దొరికినవే 15,000 పైచిలుకు, అవతలి మనుషులు రెండు వేలమంది దాకా ఉన్నారు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో డార్విన్ కరస్పాండెన్స్ ప్రాజెక్ట్ 1974లో మొదలైంది. మొదటి సంపుటం 1985లో వచ్చింది, మొత్తం 30 సంపుటాలయ్యాయి. వాళ్ల వెబ్‌సైట్‌లో ఉత్తరాలు ఉచితంగా చదవొచ్చు. వెతికే చోట ఒక పేరు వేసి, తేదీల వరుసలో పెట్టుకోండి.

మొదటిసారి చదివేవాళ్లకు డార్విన్, హుకర్ జంటే మంచిదని నా అభిప్రాయం. ఇద్దరి మధ్య దాదాపు 1,400 ఉత్తరాలు మిగిలాయి. రెండువైపులవీ ఉన్నాయి కాబట్టి ప్రశ్నకు జవాబు కళ్లముందే దొరుకుతుంది. ఆ గురువారం ఉత్తరానికి హుకర్ 1844 జనవరి 29న జవాబు రాశాడు. హత్య మాట విని అదిరిపడలేదు. జాతులు క్రమంగా మారి ఉండొచ్చునని ఒప్పుకుంటూ, ఆ మార్పు ఎలా జరిగిందని మీరు అనుకుంటున్నారో వినడం తనకు సంతోషమేనన్నాడు. ఇంతవరకు వచ్చిన ఏ అభిప్రాయమూ తనకు తృప్తినివ్వలేదని కూడా రాశాడు. ఈ రెండు ఉత్తరాలూ ఒకే రోజు, ఒకదాని వెంట ఒకటి చదవండి.

భౌతికశాస్త్రం ఇష్టమైతే ఫారడే, మాక్స్‌వెల్ జంట ఉంది. వేర్వేరు శాస్త్రవేత్తల ఉత్తరాలను ఒకేచోట వెతకడానికి ఎప్సిలాన్ అనే ఉచిత వెబ్‌సైట్ పనికొస్తుంది. 19వ శతాబ్దపు సైన్సు ఉత్తరాల కోసమే పెట్టింది అది.

రెండో మెట్టు: తేదీని నమ్మే ముందు లెక్క వేయండి

అచ్చులో తేదీ చుట్టూ చదరపు బ్రాకెట్లు ఉంటే, అంతమేరకు ఉత్తరంలో లేదని, సంపాదకులు తేల్చారని అర్థం. '18 [జూన్ 1858]' అని ఉంటే కాగితం మీద ఉన్నది 18 ఒక్కటే. బ్రాకెట్లు మొత్తం తేదీని చుట్టేస్తే రాసినవాడు వారం పేరు మాత్రమే వేశాడనో, అసలేమీ వేయలేదనో అనుకోవాలి. చాలామంది ఈ గుర్తును దాటేసి వెళ్లిపోతారు. దయచేసి అలా చేయకండి. ఒక తేదీ వెనక ఒక్కోసారి నెలల పని ఉంటుంది.

వారాన్ని మీరే సరిచూసుకోవచ్చు. 1858 క్యాలెండర్, 2021 క్యాలెండర్ ఒకటే. రెండేళ్లూ శుక్రవారంతో మొదలయ్యాయి, రెండూ లీపు సంవత్సరాలు కావు. 1844కి 2024 సరిపోతుంది. రెండూ సోమవారంతో మొదలైన లీపు సంవత్సరాలు. ఇంట్లో 2024 గోడ క్యాలెండర్ ఇంకా ఉంటే జనవరి తీసి చూడండి, 11వ తేదీ గురువారమే.

వారం కుదిరినంత మాత్రాన పని అయిపోదు, ఏడాదిలో యాభైరెండు గురువారాలు ఉంటాయి. అందుకే లోపలి సాక్ష్యం చూడాలి. ఏ ఉత్తరానికి ఇది జవాబు? ఏ పుస్తకం ఇప్పుడే అందిందంటున్నాడు? ఇంట్లో ఎవరికి జబ్బుగా ఉంది? అడ్రసు కూడా సాయం చేస్తుంది. డార్విన్ కుటుంబం 1842 సెప్టెంబరులో కెంట్‌లోని డౌన్ గ్రామానికి మారింది. కాబట్టి పైన 'డౌన్' అని ఉంటే అంతకు ముందుది కాదు.

రష్యా నుంచి వచ్చిన ఉత్తరాలైతే ఇంకో జాగ్రత్త కావాలి. అక్కడ పాత క్యాలెండరే నడిచింది, 19వ శతాబ్దంలో అది మన తేదీకి 12 రోజులు వెనక ఉండేది.

మూడో మెట్టు: టపా ఎలా నడిచిందో తెలుసుకోండి

ఇంగ్లండ్‌లో 1840 దాకా ఉత్తరానికి డబ్బు ఎక్కువగా అందుకున్నవాళ్లే కట్టేవాళ్లు. దూరాన్ని బట్టి, కాగితాల సంఖ్యను బట్టి రేటు ఉండేది. అందుకే ఒకే కాగితం మీద అడ్డంగా రాసి, మళ్లీ తిప్పి నిలువుగా రాసిన ఉత్తరాలు కనిపిస్తాయి. 1840 జనవరి 10 నుంచి దేశంలో ఎక్కడికైనా, అర ఔన్సు లోపు ఉత్తరానికి ఒక్క పెన్నీ. ఆ మేలో స్టాంపు వచ్చింది. పల్లెటూళ్లో జబ్బుతో కూర్చున్న డార్విన్ పావురాలు పెంచేవాళ్లనీ, తోటమాలుల్నీ, దూరదేశాల్లోని అధికారుల్నీ అన్నేసి ప్రశ్నలు అడగగలిగాడంటే ఈ చౌక టపా పుణ్యం చాలా ఉంది. ఆయన ప్రయోగశాలలో సగం తపాలా శాఖే అంటాను నేను.

కాబట్టి ప్రతి ఉత్తరానికీ రెండు తేదీలు రాసుకోండి, రాసినది, అందినది. డౌన్ నుంచి లండన్‌కైతే తేడా పెద్దగా ఉండదు. అదే మలయ ద్వీపాల నుంచి వచ్చేదైతే మూడు నెలలు. ఈ మూడు నెలల మీదే ఒక పెద్ద వివాదం నడిచింది, కాసేపట్లో దానికి వస్తాను.

నాలుగో మెట్టు: సంబోధన, సంతకం దాటేయకండి

మన ఇళ్లల్లో పాత ఉత్తరాలు చూసినవాళ్లకు ఇది సులువు. పైన మ.రా.శ్రీ. అని ఉందా, చిరంజీవి అని ఉందా అన్నదాంతోనే రాసింది ఎవరో, ఎవరికో సగం తెలిసిపోతుంది. 'ఉభయకుశలోపరి' అయ్యాక వచ్చే మొదటి వాక్యంలో అసలు పని మొదలవుతుంది. ఇంగ్లీషు ఉత్తరాల్లోనూ ఇలాంటి కొలతలే ఉన్నాయి. 'మై డియర్ సర్' అంటే మర్యాద. 'మై డియర్ హుకర్' అంటే ఆ గీత దాటారని. ఇంటిపేరుతో పిలవడమే అప్పటి మగవాళ్ల మధ్య చనువు. డార్విన్, హుకర్ ఉత్తరాల్లో సర్ పోయి హుకర్ వచ్చే చోటు మీరే కనిపెట్టి గుర్తు పెట్టుకోండి, నేను చెప్పను. వెతుక్కుని పట్టుకుంటేనే అది మీదవుతుంది.

సంతకాల్లో నాకు అన్నిటికన్నా ముద్దొచ్చేది మాక్స్‌వెల్‌ది. 1870 అక్టోబరులో బ్రిటన్‌లో అర పెన్నీ పోస్టుకార్డులు వచ్చాయి. మాక్స్‌వెల్, ఎడింబరాలోని భౌతికశాస్త్రజ్ఞుడు పీటర్ గత్రీ టేట్ వాటిమీద పొట్టి రాతలు పంపుకునేవాళ్లు. ఉష్ణగతిశాస్త్రంలో టేట్ రాసిన ఒక సమీకరణంలో డీపీ బై డీటీ విలువ జేసీఎం అని వస్తుంది. జేసీఎం అంటే జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ పేరులోని పొడి అక్షరాలు కదా! అందుకని ఆయన 'డీపీ బై డీటీ' అని సంతకం పెట్టేవాడు. ఇది తెలియనివాళ్లు ఆ కార్డు చూస్తే చివర్లో ఏదో లెక్క మిగిలిపోయిందనుకుంటారు.

ఐదో మెట్టు: చేతిరాత

దీనికి టెన్షన్ పడక్కర్లేదు. చాలా ఉత్తరాలకు టైపు చేసిన పాఠం దొరుకుతుంది. స్కాన్ కూడా ఉన్నచోట రెండూ పక్కపక్కన తెరిచి, మొదటి పది ఉత్తరాలు మాత్రం చేతిరాతతో సరిపోల్చి చదవండి. డార్విన్ 'షుడ్', 'వుడ్', 'కుడ్' లాంటి మాటల్ని మధ్య అక్షరాలు మింగేసి రాస్తాడు, అలవాటైపోతుంది. కొట్టివేతలు మాత్రం చూడండి. మొదట ఏ మాట రాసి ఏ మాటకు మారాడో అక్కడే తెలుస్తుంది. పాత సంకలనాలతో జాగ్రత్త. డార్విన్ కొడుకు ఫ్రాన్సిస్ 1887లో వేసిన సంపుటాల్లో కొన్ని భాగాలు వదిలేశారు. అందులో చదివినదాన్ని పూర్తి పాఠంతో సరిచూసుకోండి.

ఆరో మెట్టు: ఒక వారాన్ని పట్టుకుని రోజువారీగా చదవండి

నా దృష్టిలో అసలు చదువు ఇక్కడే ఉంది. 1858 జూన్ చివరి రోజులు తీసుకుందాం. 2021 జూన్ క్యాలెండర్ ముందు పెట్టుకోండి.

18, శుక్రవారం. డార్విన్ భూగర్భశాస్త్రజ్ఞుడు చార్లెస్ లయల్‌కి రాస్తాడు. మలయ ద్వీపాల్లో నమూనాలు సేకరిస్తున్న ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ దగ్గర్నుంచి ఒక వ్యాసం 'ఈ రోజు' వచ్చిందనీ, లయల్ ముందే హెచ్చరించినట్టు తనకన్నా ముందు మరొకరు చెప్పేశారనీ వాపోతాడు. జాతులు ఎలా మారతాయన్నదాని మీద ఇరవై ఏళ్లుగా తాను లోపల దాచుకున్న ఆలోచనే ఆ వ్యాసంలో ఉంది.

25, మళ్లీ శుక్రవారం. ఈ ఉత్తరం మీద వారం పేరే ఉంది. ఇప్పుడు నా ఆలోచన అచ్చు వేసుకోవడం ధర్మమేనా అని లయల్‌ని అడుగుతాడు. తాను నీచంగా ప్రవర్తించానని వాలెస్ గానీ మరొకరు గానీ అనుకోవడం కన్నా తన పుస్తకం మొత్తం కాల్చేయడం మేలంటాడు. అమెరికాలో వృక్షశాస్త్రజ్ఞుడు ఆసా గ్రేకి సుమారు ఏడాది కింద తన సిద్ధాంతాన్ని క్లుప్తంగా రాసి పంపాననీ, దాని నకలు తన దగ్గరుందనీ గుర్తుచేస్తాడు. చివరికి ఇది పనికిమాలిన ఉత్తరం, పనికిమాలిన భావాలతో రాసిందని క్షమాపణ కోరతాడు.

26, శనివారం. లయల్‌కే ఇంకొకటి. తనకు వ్యతిరేకంగా వాదనను వీలైనంత బలంగా పెట్టడానికి ఈ తాజా కలం అంటాడు.

ఈ ఉత్తరాలు ఇంతవరకే చదివితే ముందు చెప్పింది ఎవరన్న పేరు కోసం ఒక శాస్త్రవేత్త పడిన తపన కనిపిస్తుంది. అదే రోజుల్లో ఆ ఇంట్లో ఏం జరుగుతోందో కూడా పక్కన రాసుకోండి. కూతురు హెన్రియెట్టాకు జబ్బు. ఏడాదిన్నర పసివాడు చార్లెస్ వేరింగ్‌కు స్కార్లెట్ జ్వరం.

తర్వాత హుకర్‌కి రెండు ఉత్తరాలు. ఒకదాని మీద 'మంగళవారం', రెండోదాని మీద 'మంగళవారం రాత్రి'. మొదటిదాంట్లో మా పసివాడు నిన్న సాయంత్రం పోయాడని ఉంది. పిల్లవాడు పోయింది జూన్ 28, సోమవారం. కాబట్టి ఆ మంగళవారం 29. తేదీ ఎలా తేలిందో చూశారా? క్యాలెండర్ పట్టుకుని లెక్క వేస్తున్న చేయి ఆ 'నిన్న' దగ్గర ఆగిపోతుంది. ఎన్నిసార్లు చదివినా నాకు అక్కడ ఆగిపోతుంది.

రాత్రి రాసిన రెండోదాంట్లో, మీ ఉత్తరం ఇప్పుడే చదివాను, కాగితాలు వెంటనే కావాలన్నారు కదా, నేను పూర్తిగా కుప్పకూలి ఉన్నాను, ఏమీ చేయలేను, అయినా పంపుతున్నాను అంటాడు. వాలెస్ వ్యాసాన్ని, ఆసా గ్రేకి రాసినదాని సారాన్ని పంపాడు. జూలై 1న లండన్‌లోని లినియన్ సొసైటీ అనే ప్రకృతిశాస్త్ర సంఘంలో వాటిని చదివి వినిపించారు. డార్విన్ వెళ్లలేదు. వాలెస్‌కు ఈ సంగతే తెలియదు, ప్రపంచానికి అవతలి కొసలో ఉన్నాడు.

అంత పెద్ద ప్రకటనలో డార్విన్ వైపు నుంచి చదివిన కాగితాల్లో ఒకటి స్నేహితుడికి రాసిన సొంత ఉత్తరం. గ్రేకి అది రాసినది 1857 సెప్టెంబరు 5న. వాలెస్ వ్యాసం రావడానికి ముందే ఆలోచన తయారుగా ఉందనడానికి ఆ తేదీ సాక్ష్యమైంది.

ఇప్పుడు టపా వివాదం. వాలెస్ ఆ వ్యాసం రాసిన రోజుల్లోనే టెర్నేట్ దీవి నుంచి ఫ్రెడరిక్ బేట్స్ అనే మిత్రుడికి రాసిన ఉత్తరం 1858 జూన్ 3న లెస్టర్ పట్టణానికి చేరింది. కవరు మీద ముద్ర ఉంది. ఈ ఉత్తరమూ, ఆ వ్యాసమూ ఒకే ఓడలో వచ్చి ఉంటే డార్విన్‌కి కూడా జూన్ 3 ప్రాంతంలోనే అందాలి. మరి 18న 'ఈ రోజు' అని ఎందుకు రాశాడు? రెండు వారాలు దాచాడా? దీని మీద గట్టి ఆరోపణలే వచ్చాయి. డార్విన్ రాసిన ఉత్తరం మార్చి ఓడలో టెర్నేట్‌కి చేరాకే వాలెస్ దానికి జవాబుగా వ్యాసం పంపాడని, అదే ఓడలో తిరుగు టపా పంపడం కుదరదు కాబట్టి తర్వాతి ఓడలో బయల్దేరిందని ఇంకొందరి వాదన. అలాగైతే 18కి సరిపోతుంది. నాకు ఈ రెండో వాదనే బలంగా కనిపిస్తుంది. కానీ వాలెస్ డార్విన్‌కి పంపిన ఉత్తరమూ, కవరూ ఇప్పుడు లేవు. ఒక్క టపా ముద్ర చూసి మనిషి నిజాయితీ మీద తీర్పు చెప్పకండి.

ఏడో మెట్టు: పోయిన ఉత్తరాలకు చోటు ఉంచండి

కిరాణా కొట్లో బిల్లులు గుచ్చే ఇనుప చువ్వ చూసుంటారు. డార్విన్ తనకొచ్చిన ఉత్తరాల్ని అలాంటి చువ్వలకే గుచ్చేవాడు. ఉన్నవి కొన్నే. అన్నీ నిండిపోతే కొన్నేళ్ల ఉత్తరాలు కాల్చేసి చువ్వలు ఖాళీ చేసుకునేవాడు. 1862కి ముందు ఆయనకు వచ్చినవాటిలో చాలావరకు అలా పోయాయని కొడుకు రాశాడు. ఆ ఏళ్లలో డార్విన్ గొంతే ఎక్కువగా వినిపిస్తుంటే అవతలివాళ్లు మాట్లాడలేదని కాదు.

బ్రున్ మఠంలో బఠానీ మొక్కల మీద ప్రయోగాలు చేసిన మెండెల్ 1866 నుంచి 1873 దాకా మ్యూనిక్ ప్రొఫెసర్ నేగెలికి రాసిన ఉత్తరాల్లో పది మిగిలాయి. వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ కోరెన్స్ వాటిని 1905లో అచ్చు వేయించాడు. అప్పటికి మెండెల్ పోయి 21 ఏళ్లు. అవి చదువుతున్నప్పుడు అవతలి మాటల్ని మెండెల్ జవాబుల నుంచే పట్టుకోవాలి. 'మీరన్నట్టు' అని ఎక్కడ వచ్చినా కింద గీత గీయండి.

నోట్‌బుక్‌లో పోయిన ఉత్తరానికి కూడా ఒక వరుస ఖాళీగా వదిలిపెట్టండి. ఫలానా తేదీకి ముందు ఒకటి ఉండేది, ఇప్పుడు లేదు అని రాస్తే చాలు.

ఎనిమిదో మెట్టు: భయం లేకుండా అడిగిన ప్రశ్నలు ఏరుకోండి

అచ్చయిన వ్యాసాల్లో అందరూ తెలిసినట్టే మాట్లాడతారు. ఉత్తరాల్లో 'నాకు అర్థం కాలేదు' అంటారు. 1857 నవంబరు 13న ఫారడే మాక్స్‌వెల్‌కి రాసినది చూడండి. పెద్దాయనకు 66, కుర్రవాడికి 26. మీ గణితం చేరుకున్న ఫలితాల్ని మామూలు భాషలో కూడా అంతే స్పష్టంగా చెప్పలేరా, ఆ చిత్రలిపిలోంచి అనువదిస్తే మేమూ ప్రయోగాలు చేసుకుంటాం కదా అని అడిగాడు. విద్యుత్తు ప్రయోగాల్లో ఆనాటికి అంతటివాడు లేడు, లెక్కలు రావని ఒప్పుకోవడానికి ఆయనకు నామోషీ లేదు. తెలుగులో సైన్సు రాయాలనుకునే ప్రతి ఒక్కరూ ఈ ఉత్తరం చదవాలని నా కోరిక.

చివరి మెట్టు: మన ఊళ్ల పేర్లు వెతకండి

ఇది బలవంతంగా అతికించే పని కాదు, నిజంగా ఉన్నాయి. 1856 జనవరిలో డార్విన్ మద్రాసులోని వాల్టర్ ఎలియట్‌కి రాసి, మన వైపు పెంచే పావురాలు, కోళ్ల చర్మాలు పంపమని అడిగాడు. ఎలియట్ అంతకు ముందు ఉత్తర సర్కారులకు కమిషనరు, 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించినవాడు. ఆయన పంపిన చర్మాలకు డార్విన్ 1859 నాటి తన 'ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్' పుస్తకంలో పేరు పెట్టి కృతజ్ఞత చెప్పాడు. సరిగ్గా అదే ఏడాది ఎలియట్ తెలుగు మొక్కల పేర్ల పుస్తకం 'ఫ్లోరా ఆంధ్రికా' అచ్చయింది. వెతికేటప్పుడు గుంటూరు, కాకినాడ అని మన స్పెల్లింగు వేస్తే దొరకవు. 'గుంటూర్', 'కోకనాడ' అని ఆనాటి ఇంగ్లీషు రాతలో వేయండి.

కాకినాడ నుంచి వెళ్లిన ఒక ఉత్తరానికి నా నోట్‌బుక్‌లో ఉన్న వరుస ఇలా ఉంటుంది.

రాసినవాడు: జూల్స్ జాన్సెన్, ఫ్రెంచి ఖగోళశాస్త్రజ్ఞుడు. ఎవరికి: పారిస్ సైన్స్ అకాడమీ కార్యదర్శికి. రాసినది: కాకినాడ, 1868 సెప్టెంబరు 19. విషయం: ఆగస్టు 18న గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణం చూశాడు, సూర్యుడి అంచున ఎగసే జ్వాలల్ని గ్రహణం లేకుండా కూడా వర్ణపటదర్శినితో (కాంతిని రంగులుగా విడదీసే పరికరం) చూడొచ్చని ఆ మర్నాడే తేల్చుకున్నాడు. అకాడమీలో చదివినది: అక్టోబరు 26. మధ్యలో గడిచినవి: 37 రోజులు, సూయజ్ కాలువ ఇంకా తెరవలేదు. ఆలోగా జరిగినది: ఇంగ్లండ్‌లో ఖగోళశాస్త్రజ్ఞుడు నార్మన్ లాకియర్ అక్టోబరు 20న తన సొంత ప్రయత్నంతో అదే చూశాడు, ఆ వార్త కూడా పారిస్‌లో అదే రోజు, అదే సమావేశంలో చదివారు. తర్వాత: 1872లో ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలూ పక్కపక్కన ఉన్న పతకం వేయించింది.